ఆపద వచ్చాక పరిచయాలా? ప్రభుత్వ శాఖలు, స్వచ్ఛంద సంస్థలు ముందే ఏం మాట్లాడుకోవాలి?

తొలిచినుకు:

నమస్కారం అందరికీ. మాది పదిహేను మంది ఉన్న చిన్న స్వచ్ఛంద సంస్థ. పోయినసారి వరదలో మాకు ఎదురైంది చెప్పి, మీ అనుభవం అడుగుదామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

రెండో రోజు పొద్దున్నే తాగునీటి క్యాన్లు, దుప్పట్లు వేసుకుని ఒక సహాయ శిబిరానికి వెళ్లాం. గేటు దగ్గర ఉన్న అధికారి లోపలికి పోనివ్వలేదు. "మీరెవరో మాకు తెలియదు, పైనుంచి లెటర్ తెచ్చారా?" అన్నారు. దొరికిన నంబర్లన్నిటికీ ఫోన్లు చేస్తూ మూడు గంటలు నిలబడ్డాం. తీరా లోపలికి వెళ్తే, అప్పటికే మూడు సంస్థలు దుప్పట్లు పంచి వెళ్లిపోయాయి. ఒక్కో కుటుంబం దగ్గర అయిదారు ఉన్నాయి. నాలుగు కిలోమీటర్ల అవతల ఇంకో శిబిరం ఉందని, అక్కడికి సాయంత్రం దాకా ఎవరూ వెళ్లలేదని మర్నాడు తెలిసింది. అక్కడ పసిపిల్లల తల్లులు తడిబట్టలతోనే ఆ రాత్రి గడిపారు.

ఆ అధికారి మీద నాకు కోపం లేదు. ఆయన స్థానంలో నేనున్నా అదే అడిగేవాడినేమో. కానీ ఆ మూడు గంటలు నన్ను వదలడం లేదు. వచ్చే వర్షాల లోపు స్థానిక యంత్రాంగంతో రాతపూర్వకంగా ఒక ఒప్పందం చేసుకుందామని అనుకుంటున్నాం. అందులో ఏం ఉండాలి? ప్రభుత్వంతో కలిస్తే మన మాట మనది కాకుండా పోతుందని మా కమిటీలో సగం మంది భయపడుతున్నారు. దాని గురించి కూడా చెప్పండి.

పాతఫైలు:

తొలిచినుకు గారూ, ముప్పై ఏళ్లు ప్రభుత్వంలో పనిచేసి రిటైరయ్యాను. గేటుకు లోపలి వైపు నుంచి చెబుతాను.

శిబిరం బాధ్యత ఉన్న అధికారికి ఆ రాత్రి నిద్ర ఉండదు. లోపల తప్పిపోయిన పిల్లలుంటారు, తోడు లేని ఆడపిల్లలుంటారు. సాయం పేరు చెప్పి ఎవరైనా వచ్చి ఒక బిడ్డను తీసుకెళ్లిపోతే జవాబు చెప్పుకోవాల్సింది ఆయనే. అందుకే తెలియని మనిషిని ఆపుతాడు. మీరు ఆయనకు ముందే తెలిసి ఉంటే ఆపడు. ఆ పరిచయం వరదకు ముందే జరగాలి, అందుకు రెండు వైపులా పూనుకోవాలి. మా వైపు లోపం ఎక్కువని ఒప్పుకుంటాను. నేను పనిచేసిన ఒక చోట విపత్తు ప్రణాళిక వంద పేజీలకు పైనే ఉండేది. అందులో స్వచ్ఛంద సంస్థల గురించి ఒకే ఒక్క పేరా: "అవసరమైతే వారి సహకారం తీసుకోవాలి" అని. ఏ సంస్థ, ఎవరిని పిలవాలి, వాళ్ల దగ్గర ఏముంది, ఎన్ని గంటల్లో రాగలరు అనేది ఎక్కడా లేదు. ఏటా తేదీ మార్చి అదే పేరా మళ్లీ ప్రింటు తీసేవాళ్లం.

బాధ్యత ఎవరిదన్న విషయంలో మాత్రం గందరగోళం ఉండకూడదు. 1991 డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 46/182 అనే తీర్మానం చేసింది. ఆపద వచ్చిన చోట సహాయాన్ని మొదలుపెట్టడం, నడపడం, సమన్వయం చేయడం ముందుగా ఆ దేశ ప్రభుత్వం పని అని అందులో ఉంది. నిష్పాక్షికంగా, మానవతా దృష్టితో పనిచేసే సంస్థలు ఆ ప్రయత్నానికి తోడు నిలవాలనీ అందులోనే ఉంది. మా వాళ్లు మొదటి మాటే గుర్తుపెట్టుకుంటారు, మీ వాళ్లు రెండోదే గుర్తుపెట్టుకుంటారు.

ఒప్పందం గురించి ముఖ్యంగా ఒకటి చెబుతాను. దాన్ని మనిషి పేరు మీద కాకుండా పదవి పేరు మీద రాయించండి. నాకు బాగా తెలిసిన సంస్థలు కొన్ని ఉండేవి, ఒక్క ఫోన్ చేస్తే వచ్చేవి. నేను బదిలీ అయిపోయాను. తర్వాత వచ్చిన వారి ఫోన్లో ఆ నంబర్లు లేవు. ఆ ఏడాదే తుఫాను వచ్చింది.

విజిల్:

ముందే పరిచయం ఉంటే ఏమవుతుందో చూడాలంటే బంగ్లాదేశ్‌ను చూడాలి. 1970 నవంబర్ తుఫానులో అక్కడ 3 లక్షల నుంచి 5 లక్షల మంది చనిపోయారు. తర్వాత 1972లో రెడ్‌క్రాస్ తీర గ్రామాల్లో తుఫాను సన్నద్ధత కార్యక్రమం మొదలుపెట్టింది, 1973లో ప్రభుత్వం చేతులు కలిపింది. అప్పటి నుంచి అది ఉమ్మడి కార్యక్రమం. వాతావరణ శాఖ హెచ్చరిక రేడియోలో కిందిదాకా వెళ్తుంది. అది అందగానే ఊళ్లోని వాలంటీర్లు జెండాలు ఎగరేసి, మెగాఫోన్, చేతి సైరన్ పట్టుకుని ఇంటింటికీ తిరుగుతారు. వాళ్లు ఆ ఊరివాళ్లే. ముసలమ్మ ఏ ఇంట్లో ఉంటుందో, ఎవరు నడవలేరో వాళ్లకు తెలుసు. ఇప్పుడు ఆ వాలంటీర్లు 70 వేలకు పైనే.

అయితే కథ ఇక్కడితో ఆగలేదు. 1991 తుఫానులో మళ్లీ సుమారు 1,40,000 మంది పోయారు. హెచ్చరిక చాలామందికి అందింది. వెళ్లి తలదాచుకోవడానికి చాలినన్ని షెల్టర్లే లేవు. వాలంటీరు తలుపు కొట్టి "బయల్దేరండి" అంటే "ఎక్కడికి?" అని అడిగే పరిస్థితి. కాంక్రీటు షెల్టర్లు, వాటికి దారులు, గట్లు వాలంటీర్లతో అయ్యే పనులు కావు. తర్వాతి ఏళ్లలో ప్రభుత్వం, దాతలు కలిసి వాటిని పెంచుకుంటూ వచ్చారు. 2007లో సిడర్ తుఫాను చాలా బలంగా వచ్చినా చనిపోయినవాళ్లు సుమారు 3,400. ఆ సంఖ్య కూడా చిన్నదేం కాదు. కానీ 1970తో పోల్చి చూడండి.

కాబట్టి ఒప్పందంలో "సహకరించుకుంటాం" అని రాసుకుని సరిపెట్టుకోవద్దు. మనుషుల్ని కదిలించే పని ఎవరిది, వాళ్లు చేరాల్సిన చోటును సిద్ధంగా ఉంచే పని ఎవరిది అని విడివిడిగా రాసుకోండి.

గోడౌన్:

దుప్పట్ల విషయం చదివాక రాయకుండా ఉండలేకపోయాను. నేను సరుకు రవాణా చూస్తాను. ఆపద సమయంలో మా నెత్తిన పడే రెండో ఆపద, అడగకుండా వచ్చే సామాను. పాత బట్టల మూటలు, గడువు దాటిన మందులు, ఏ భాషలో ఉన్నాయో తెలియని లేబుళ్లు. వాటిని దించుకోవడానికి, విడదీయడానికి మనుషులు కావాలి, చోటు కావాలి. ఆ చోటులో ఉండాల్సిన నీటి శుద్ధి మాత్రలు బయట లారీలోనే ఉండిపోతాయి.

దీనికి పెద్ద సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు. ఎవరు, ఏం, ఎక్కడ, ఎప్పుడు అని నాలుగు గడులున్న పట్టిక ఒకటి చాలు. ఐక్యరాజ్యసమితి సమన్వయ కార్యాలయం వాళ్లు పెద్ద పెద్ద సంక్షోభాల్లో వాడేది కూడా మూలంలో ఇదే. మీ ఊళ్లో అయితే గోడ మీద చార్టు అతికించినా పని జరుగుతుంది. రోజుకు రెండుసార్లు నింపాలి. ముఖ్యంగా ఖాళీ గడులు చూడాలి. మీరు చెప్పిన రెండో శిబిరం ఆ పట్టికలో ఖాళీ వరసగా కళ్లముందే కనిపించేది.

పట్టిక ఎవరి దగ్గర ఉండాలి అనేది అసలు గొడవ. ప్రభుత్వ కంట్రోల్ రూములో ఉండాలి, నింపే మనిషిని మాత్రం సంస్థలన్నీ కలిసి ఇవ్వాలి అంటాను. కంట్రోల్ రూములో ఒక కుర్చీ స్వచ్ఛంద సంస్థల తరఫున ఉంటే సగం ఫోన్లు తగ్గిపోతాయి.

శిబిరంలో_మేము:

మీరంతా ఇచ్చే వైపు నుంచి మాట్లాడుతున్నారు. నేను పదకొండు రోజులు శిబిరంలో ఉన్నదాన్ని.

మొదటి మూడు రోజుల్లో నా వివరాలు అయిదుసార్లు రాసుకున్నారు. పేరు, ఇంట్లో ఎంతమంది, ఏం పోయింది. ఇద్దరు ప్రభుత్వం వాళ్లు, ముగ్గురు సంస్థల వాళ్లు. ప్రతిసారీ మా అత్తగారు ఎలా కొట్టుకుపోయిందో మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది. అయిదోసారి మా ఆయన లేచి వెళ్లిపోయాడు. రాసుకున్నవాళ్లలో ఒక్కరు కూడా తిరిగొచ్చి ఫలానాది వస్తుంది, ఫలానాది రాదు అని చెప్పలేదు.

మీ ఒప్పందంలో ఒక్క మాట పెట్టండి: ఒక కుటుంబాన్ని ఒక్కసారే అడుగుతాం, అడిగింది మిగతావాళ్లకు మేమే ఇస్తాం, మళ్లీ వచ్చి జవాబు చెబుతాం.

నైట్‌డ్యూటీ:

అమ్మా, మీ మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నేను నర్సును. వివరాలు ఒక్కసారే అడగాలన్నది వంద శాతం నిజం. అయితే ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. అందరికీ ఇవ్వదగ్గ వివరాలు వేరు, ఇవ్వకూడనివి వేరు. ఇంట్లో ఎంతమంది, పసిపిల్లలున్నారా, ఏ అవసరం ఉంది, ఇవి పంచుకోవచ్చు. ఎవరికి ఏ జబ్బు, ఎవరి మీద అఘాయిత్యం జరిగింది అనేవి వైద్యం చేసేవాళ్ల దగ్గరే ఆగిపోవాలి. ఒక శిబిరంలో టీబీ మందులు వాడుతున్న ఒకాయన పేరు లిస్టులో రాసి గోడకు అంటించేశారు. చేసినవాళ్లకు చెడు ఉద్దేశం ఏమీ లేదు, మందులు సమయానికి అందాలనే అలా చేశారు. ఆయన మర్నాడు శిబిరం వదిలి వెళ్లిపోయాడు. మందులు ఆపేస్తే ఏమవుతుందో మీకు తెలుసు.

ఇంకోటి. ఎంత చేస్తే చాలు అన్నదానికి అందరికీ ఒకే కొలత ఉండాలి. 1997లో స్వచ్ఛంద సంస్థలు, రెడ్‌క్రాస్ ఉద్యమం కలిసి స్ఫియర్ ప్రమాణాలకు శ్రీకారం చుట్టాయి. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీరు, 20 మందికి ఒక మరుగుదొడ్డి, ఉండే చోట మనిషికి 3.5 చదరపు మీటర్లు. ఈ అంకెలు రెండు వైపులా ముందే ఒప్పుకుంటే "మేం బాగానే చేశాం", "లేదు, సరిగ్గా చేయలేదు" అనే వాదన ఉండదు. ఎంత తక్కువ పడిందో లెక్కపెట్టుకుని ఎవరు పూడుస్తారో మాట్లాడుకోవచ్చు. ఆడవాళ్ల మరుగుదొడ్లకు లోపలి గడియ, దారిలో లైటు కూడా లెక్కలో పెట్టండి. అవి లేకపోతే రాత్రిపూట ఆడవాళ్లు వెళ్లరు. వెళ్లకుండా ఉండటానికి నీళ్లు తాగడం మానేస్తారు. పొద్దున మా దగ్గరికి నీరసంతో, మూత్రంలో మంటతో వస్తారు.

లెక్కలపుస్తకం:

కమిటీలో సగం మంది భయం గురించి ఎవరూ మాట్లాడలేదు. అది పనికిరాని భయం కాదు.

పాతఫైలు గారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను. "బాధ్యత ప్రభుత్వానిది" అన్న మాట "ఆజ్ఞ ప్రభుత్వానిది" అయిపోవడానికి ఎక్కువ సమయం పట్టదు. మా సంస్థకు ఒకసారి వచ్చిన ఒప్పందం ముసాయిదాలో, శిబిరం పరిస్థితుల గురించి అనుమతి లేకుండా బయట మాట్లాడకూడదని ఒక షరతు ఉంది. మేం సంతకం పెట్టలేదు. ఆ రోజు నీరు బాగా లేదని మేం చెప్పకపోతే ఎవరు చెబుతారు? ఇంకో చిక్కు ఏంటంటే, ఎవరికి ముందు సాయం అందాలన్నది అవసరం తేల్చాలి. పైనుంచి ఫోన్ వచ్చిన వార్డుకు ముందు పంపమంటే దాతలకు మేమేం చెప్పుకోవాలి?

ప్రభుత్వంతో కలిసి పనిచేయడం, మన మాట మనదిగా నిలుపుకోవడం, ఈ రెండిటినీ కలుపుకుపోయే మాట రెడ్‌క్రాస్ దగ్గర ఉంది. 1965లో ప్రకటించిన వాళ్ల మూల సూత్రాల్లో స్వాతంత్ర్యం ఒకటి. ఆయా దేశాల్లోని రెడ్‌క్రాస్ సంఘాలు మానవతా సేవలో తమ ప్రభుత్వాలకు సహాయకులుగా ఉంటాయి, అయినా ఎప్పుడూ తమ సూత్రాల ప్రకారం నడుచుకోగలిగేంత స్వేచ్ఛను నిలబెట్టుకోవాలి అని దాని సారం. అంటే ప్రభుత్వం అడిగిన పని సూత్రాలకు విరుద్ధమైతే కాదనే హక్కు ఉంటుంది. తొలిచినుకు గారూ, కాదనే హక్కు మీ కాగితంలో రాసి ఉండాలి. నోటిమాటగా ఉంటే ఆ రోజు ఎవరికీ గుర్తుండదు.

పాతఫైలు:

లెక్కలపుస్తకం గారూ, మాట్లాడకూడదన్న షరతు పెట్టడం తప్పే. నేనూ అలాంటి కాగితాల మీద సంతకాలు చేయించాను, ఇప్పుడు ఆలోచిస్తే బాధగా ఉంది. పుకార్లు పుడతాయనే భయంతో అలా చేసేవాళ్లం.

కానీ నా వైపు నుంచి ఒక విన్నపం. లోపం కనిపిస్తే ముందు మాకు చెప్పండి, గడువు పెట్టండి. నీటి విషయమైతే ఆరు గంటలు. సరిచేయకపోతే బయట చెప్పండి, మీకు ఆ హక్కు ఉంది. రాత్రి పదింటికి టీవీలో చూసి తెలుసుకుంటే మాత్రం, మర్నాడు నీటి సంగతి వదిలేసి వివరణలు రాసుకుంటూ కూర్చుంటాం.

లెక్కలపుస్తకం:

గడువు షరతుకు ఒప్పుకుంటాను. ప్రాణం మీదికి వచ్చే విషయంలో మాత్రం గడువు ఉండదు.

పాతఫైలు:

ఒప్పుకున్నాను.

శిబిరంలో_మేము:

చట్టంలో రాసుకుంటే సరిపోదని కూడా గుర్తుపెట్టుకోండి. బ్రిటన్‌లో 2004 నాటి పౌర ఆపదల చట్టం కింద స్థానిక సంస్థలు స్వచ్ఛంద సంస్థల పనిని లెక్కలోకి తీసుకునే ప్రణాళిక వేసుకోవాలి. 2017 జూన్ 14న లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ కాలిపోయి 72 మంది చనిపోయారు. మొదటి రోజుల్లో ఇళ్లు పోయినవాళ్లను ఆదుకున్నది ఎక్కువగా చుట్టుపక్కల సంఘాలు, ప్రార్థనా మందిరాలు. స్థానిక కౌన్సిల్ స్పందన ఆలస్యంగా, గందరగోళంగా సాగిందని విచారణ నివేదిక తేల్చింది.

2010 జనవరిలో హైతీ భూకంపం తర్వాత ఇంకో రకంగా జరిగింది. సమన్వయ సమావేశాలు చాలావరకు ఐక్యరాజ్యసమితి స్థావరం లోపల, ఇంగ్లీషులో నడిచాయి. ఆ ఊళ్ల భాష తెలిసిన స్థానిక సంస్థలకు గేటు దాటడమే కష్టమైంది. మీరు నిలబడిన గేటు లాంటిదే తొలిచినుకు గారూ. ఆ దేశంలోనే ఆ దేశంవాళ్లు బయట నిలబడ్డారు.

సైకిల్‌చక్రం:

నేను కాలేజీలో చదువుతున్నాను. పోయినసారి మా క్లాసు మొత్తం సాయం చేద్దామని బయల్దేరింది. ఎక్కడికి వెళ్లాలో ఎవరూ చెప్పలేదు. మాలో ఒకడు బురదలో మేకు గుచ్చుకుని వారం రోజులు జ్వరంతో పడ్డాడు. మాలాంటివాళ్లను ఒప్పందంలో ఎక్కడ పెడతారు? ఏ సంస్థలోనూ లేని, ఆ రోజుకు వచ్చేసేవాళ్లను?

విజిల్:

తమ్ముడూ, మంచి ప్రశ్న అడిగావు. 1995 జనవరి 17న జపాన్‌లో కోబె భూకంపం వచ్చింది, 6,434 మంది చనిపోయారు. ఏడాదిలోపు 13 లక్షలకు పైగా వాలంటీర్లు వచ్చారు. చాలామంది మీలాగే ఏ సంస్థకూ చెందనివాళ్లు. వాళ్లందరికీ పని పంచగలిగే స్థితిలో నగరపాలక కార్యాలయాలు లేవు, ఉద్యోగుల ఇళ్లే కూలిపోయాయి. అక్కడివాళ్లు ఆ అనుభవాన్ని వదిలేయలేదు. 1998లో లాభాపేక్ష లేని సంస్థలకు ప్రత్యేక చట్టం తెచ్చుకున్నారు. ఇప్పుడు ఆపద వస్తే స్థానిక సంక్షేమ మండళ్లు వాలంటీర్ కేంద్రం తెరుస్తాయి. వచ్చినవాళ్లు పేరు రాయించుకుంటారు, బీమా ఉంటుంది, ఇంటివాళ్లు అడిగిన పనికి జట్టుగా పంపిస్తారు, సాయంత్రం తిరిగొచ్చారో లేదో చూసుకుంటారు.

మీ మిత్రుడికి కావాల్సింది ఒక జత గట్టి బూట్లు, ఒక టెటనస్ ఇంజెక్షన్, పేరు రాసుకునే ఒక మనిషి. ఈ మూడూ ఖర్చుతో కూడుకున్నవి కావు, ముందే తలుచుకోవాలి అంతే.

నైట్‌డ్యూటీ:

వచ్చిన వాలంటీర్లను ఒకటో రోజు కన్నా ఇరవయ్యో రోజుకు అట్టే పెట్టండి అని నా మాట. మొదటి వారం చేతులు ఎక్కువ, పని చెప్పేవాళ్లు తక్కువ. మూడో వారానికి కెమెరాలు వెళ్లిపోతాయి, బురద అలాగే ఉంటుంది. అప్పుడే విరేచనాలు, దోమలు, నిద్ర పట్టని పెద్దవాళ్లు. ఒప్పందం ఏ రోజు మొదలవుతుందో రాస్తారు, ఏ రోజు దాకా ఉంటుందో చాలామంది రాయరు.

గోడౌన్:

నిజం. కచ్ భూకంపం (2001) తర్వాత అక్కడి సంస్థల సమాఖ్య గ్రామాల గుంపుకు ఒకటి చొప్పున 'సేతు' కేంద్రాలు నడిపింది. ఊరి సమాచారం యంత్రాంగానికి, ప్రభుత్వ పథకాల సమాచారం ఊరికి చేర్చడం వాటి పని. అసలు ఉపయోగం సరుకు పంచే రోజుల్లో కాదు, ఇళ్లు తిరిగి కట్టుకునే రోజుల్లో కనిపించింది. నష్టపరిహారం ఫారం ఎలా నింపాలి, పేరు ఎందుకు తప్పింది లాంటివి అడగడానికి మనిషికి ఒక చోటు దొరికింది.

తొలిచినుకు:

అందరికీ కృతజ్ఞతలు. మీరు రాసినవన్నీ ప్రింటు తీసి మొన్న కమిటీ ముందు పెట్టాను. నాలుగు గంటలు మాట్లాడుకున్నాం. భయపడిన సగం మందిలో ఎక్కువమంది, కాదనే హక్కు, గడువు షరతు రెండూ కాగితంలో ఉంటే సరేనన్నారు. ఇద్దరు ఇంకా ఒప్పుకోలేదు, వాళ్ల అభ్యంతరం మినిట్స్‌లో రాశాం.

తర్వాత స్థానిక అధికారి అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్లి కలిశాం. గేటు దగ్గర ఆపిన ఆయన కాదు, ఆయన పైఅధికారి. మంచిగా విన్నారు. పదవి పేరు మీద సంతకం చేయడానికి ఒప్పుకున్నారు. కంట్రోల్ రూములో కుర్చీ విషయం పైవాళ్లను అడగాలన్నారు. మా దగ్గర ఏముందో నిజంగా చెప్పమన్నారు, చెప్పాం: ఒక వ్యాను, పదిహేను మంది, నీటి శుద్ధి తెలిసినవాళ్లు ఇద్దరు. దుప్పట్లు ఇక మా పని కాదు. నీళ్లు మాత్రం చూసుకుంటాం.

వర్షాలకు ముందే ఒకరోజు రిహార్సల్ పెడదామని అడిగితే వాళ్లే తేదీ చెప్పారు. ఆ రోజు గేటు దగ్గర ఉండే సిబ్బంది కూడా వస్తారు. మా ఐడీ కార్డులు వాళ్లు చూస్తారు, వాళ్ల ముఖాలు మేం చూస్తాం.

శిబిరంలో_మేము:

బాగుంది. ఆ రెండో శిబిరంలో ఆ రాత్రి గడిపినవాళ్లను పిలిచారా?

తొలిచినుకు:

లేదు. మీరు అడిగేదాకా తట్టలేదు. ఇవాళ వెళ్తాను.

తొలిచినుకు:

వెళ్లొచ్చాను. ముగ్గురు తల్లులు వస్తామన్నారు. పగలు పనికి పోతారు కాబట్టి రిహార్సల్ సాయంత్రం ఆరింటికి మార్చమని అధికారిని అడిగాను, మార్చారు. అందులో ఒకావిడ ఒక మాట అడిగింది: ఆ రోజు ఆ శిబిరం సంగతి ఎవరికి ఫోన్ చేసి చెప్పాలో తనకు తెలియలేదని, ఈసారి ఆ నంబరు బడి గోడ మీద రంగుతో పెద్దగా రాయించగలమా అని. ఆదివారం రాస్తున్నాం.